‘వరం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను, బావా

ప్రియమైన బావా,

ప్రభువు పేరిట వందనాలు. నీ ఉత్తరం అంది నెల దాటింది, కోప్పడకు. నాట్ల రోజుల్లో ఇక్కడ కూటం రాత్రి ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు, ముగిసేసరికి ఊరు సగం నిద్దర్లో ఉంటుంది. అందరం క్షేమం. మందిరం రేకులు మార్చారు. చెల్లెమ్మకీ పిల్లలకీ దీవెనలు చెప్పు. మిగతా కబుర్లు తర్వాత, ముందు గొంతుదాకా వచ్చిన మాట చెప్పనీ.

నిన్ను సేవలోకి తీసుకునే ముందు సంఘ పెద్దలు పరీక్షించే రోజున బైబిల్లో ఎఫెసీ 2:8 మీద వాక్యం చెబుతానన్నావు కదా. ఆ వచనం మనకి కంఠతా. “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు; ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.” ఆ చివరి మాట దగ్గర ఆగు. వరం! మన ఊళ్ళో ఆ మాట వింటే ముందు ఏం గుర్తొస్తుంది? తపస్సు. ఒంటికాలి మీద నిలబడి, తిండి మానేస్తే దేవుడు దిగొచ్చి ఇచ్చేది వరం. భస్మాసురుడికైనా అలాగే దొరికింది. అంటే కష్టపడి సంపాదించినది అని చెవికి ముందే తెలిసిన మాటతో, సంపాదించలేనిది అని మనం చెబుతున్నాం! బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు 1836లో మన దేశం వచ్చి, ఆ తర్వాత నరసాపురం చేరిన కాలం నుంచీ ఈ డెల్టాలో రక్షణ సువార్త వినబడుతూనే ఉంది. అయినా సాక్ష్యాల సమయంలో లేచినవాళ్ళ మాట విను: “ఇరవై ఒక్క రోజులు ఉపవాసం చేశానండి, దేవుడు కార్యం చేశాడండి.” ఉపవాసం మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ వాక్యంలో మొదటి సగం కూలి, రెండో సగం జీతం అయిపోయింది, చూశావా?

సరే, వరం బదులు ‘ఉచితం’ అందామా? రోమా 3:24లో ఆ మాట ఉంది. దానికి ఇంకో చిక్కు. ఇవాళ ఉచితం అనగానే పథకం, పథకం అనగానే అర్హుల జాబితా. కార్డు ఉందా, పేరు ఉందా, లేకపోతే ఎవర్ని అడగాలి? వినేవాడు తన పేరు జాబితాలో ఉంటుందో ఉండదో అని మళ్ళీ తనలోకే చూసుకుంటాడు.

ఇక ‘కానుక’. ఇది మరీ కష్టం అనుకున్నా, ఎందుకంటే మందిరంలో కానుక అంటే మనం సంచిలో వేసేది. ఇక్కడే బావా, నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎఫెసీలో వరం అని తర్జుమా చేసిన గ్రీకు మాట ‘దోరోన్’. మత్తయి 2:11లో జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారే, అక్కడ ‘కానుకలు’ అన్నదీ అదే మాట! క్రిస్మస్‌కి నాటకం వేసే పిల్లాడికి కూడా తెలిసిన మాట. కాబట్టి అక్కణ్ణించి మొదలుపెట్టు. కానుక మనిషి చేతి నుంచి దేవుడి దగ్గరికి వెళ్ళడం అందరికీ తెలుసు. ఎఫెసీలో దిక్కు తిరిగింది, ఇచ్చేది ఆయన, పట్టుకునేది మనం. వరం అన్న మాటని తీసెయ్యకు, సంఘం చదివే బైబిల్లో ఉన్నదే చదవాలి. చదివి, వెంటనే కానుక అని విప్పు.

ఆ వచనంలో ‘ఇది’ దేన్ని చూపిస్తుందని ఒక పెద్దాయన అడగొచ్చు. గ్రీకులో కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగాలు, ‘ఇది’ మాత్రం నపుంసకలింగం. అందుకని ఏ ఒక్కదానికో అంటించకుండా, కృపచేత విశ్వాసముద్వారా రక్షింపబడడం అనే మొత్తం సంగతినే చూపిస్తుందని చెప్పు. తెలుగులో ఈ తేడా కనబడదు.

ఆ తర్వాత రోమా 4:4, 5. పని చేసినవాడికి ఇచ్చే జీతం దానం కాదు, బాకీ. నాట్లకి వెళ్ళొచ్చిన అక్కలు ఎదురుగా చాపల మీద కూర్చుని ఉంటారు, వివరణ అక్కర్లేదు. సాయంత్రం మేస్త్రి కూలి చేతిలో పెడితే ఎవరైనా “ఎంత దయ” అంటారా? ఈ ఒక్క ప్రశ్న వేసి కాసేపు ఊరుకో. ఇది మన తాటిబెల్లం సూత్రమే, నోట్లో వేసి కరగనివ్వాలి, నమలకూడదు.

కాలువ ఉపమానం చెబుతానన్నావు. చెప్పు, కానీ జాగ్రత్త. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట, అక్కణ్ణించి మూడు డెల్టాలకీ కాలువలు, మన కోనసీమకి బొబ్బర్లంక నుంచి. రైతు బోదె బాగుచేసుకుంటాడు, తూము తెరుస్తాడు, అంతేగానీ నీళ్ళు పుట్టించడు. విశ్వాసం తూము లాంటిది, దానిలో నీళ్ళుండవు, దాని గుండా వస్తాయి. ఇంతవరకు బ్రహ్మాండం. ఇంకో అడుగు వేశావో వెనక వరసలోంచి ఎవరో “మరి నీటి తీరువా కడతాం కదండీ?” అంటారు. ఆ పక్కనే శివారు రైతు ఉంటాడు, ఎగువవాళ్ళు తడుపుకున్నాకే తన వంతు వస్తుందని అతని బాధ. కృపకి శివారు లేదు, కానీ మన కాలువకి ఉంది. అందుకని తూము దాకా చెప్పి ఆపెయ్.

మనిషి విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా నీతిమంతుడని ఎంచబడతాడనే యాకోబు 2:24 తప్పకుండా అడుగుతారు. భయపడకు. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న ఆదికాండము 15:6ని పౌలూ ఎత్తాడు, యాకోబూ ఎత్తాడు. యాకోబు చెప్పే ఇస్సాకు అర్పణ మాత్రం 22వ అధ్యాయంలోది. నీతిగా ఎంచబడ్డం ముందు, కొండ ఎక్కడం తర్వాత. పైగా 2:14లో ఆయన ప్రశ్న, విశ్వాసముందని ‘చెప్పే’వాడి గురించి. మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని సృజించాడనే ఎఫెసీ 2:10 కూడా అక్కడే చదివెయ్, చాలామంది 9వ వచనంతో ఆపేస్తారు. పంట ఎక్కడా నీళ్ళని పిలవదు, నీళ్ళొచ్చాకే పంట.

ఇక నీ అసలు దిగులు. ‘నాకు పిలుపు ఉందో లేదో’ అని నాలుగుసార్లు రాశావు. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ నిన్ను సేవకిస్తానని మొక్కుకుందని కూడా రాశావు. ఆ మొక్కు అమ్మ ప్రేమ, దాన్ని గౌరవించు. కానీ బాకీ తీర్చుకోడానికి వెళ్తున్నానంటే నీ పరిచర్య కూడా కూలి అయిపోతుంది బావా, అది నన్ను నిజంగా బాధపెడుతోంది. గలతీ 1:15 చూడు, పౌలుని పిలిచింది కూడా “తన కృపచేత”నే. రక్షణకి ఒక లెక్క, పిలుపుకి ఇంకో లెక్క లేదు.

అలాగని నీ మనసులో అనిపిస్తే చాలదు. సంఘం కూడా అవునని చెప్పాలి. 1 తిమోతి 3 మొదటి ఏడు వచనాలూ పెట్టుకుని కూర్చో. దాదాపు అంతా నడవడి గురించే, నేర్పు అన్నది ‘బోధింపతగినవాడు’ ఒక్కటే. నోటికి ఎన్ని వచనాలొచ్చని అక్కడ అడగలేదు. ఏడో వచనం బయటివాళ్ళ మంచి సాక్ష్యం అడుగుతుంది, కాబట్టి కొట్లో బాకీలు ముందు తీర్చెయ్. ఇల్లు, భార్య, పిల్లలు, కోపం, డబ్బు, అన్నీ అడుగుతారు, దాచకుండా చెప్పు. చెల్లెమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాట చదవండి, తనే సూటిగా చెబుతుంది.

ఇంకా మత్తయి 20 గురించి, సాయంత్రం ఐదింటికి పనిలో దిగినవాడికీ పొద్దున్నుంచీ ఎండలో ఉన్నవాడికీ ఒకే దేనారం ఎందుకో, అది ముఠా లెక్కలో ఎలా చెప్పాలో రాద్దామనుకున్నా, కానీ

పిల్లాడు ముక్తేశ్వరం వెళ్తున్నాడట, ఉత్తరం పోస్టులో వేస్తానని గుమ్మంలో నిలబడ్డాడు. తేదీ ఖాయమైతే వెంటనే రాయి.

నీ
బావ