ఫాంటుతో పాటు ఇవ్వాల్సినవి

సంపాదకులకు,

తెలుగు ఫాంట్లు ఉచితంగా విడుదలయ్యాయన్న వార్తలు మీ పత్రికలో అప్పుడప్పుడు వస్తుంటాయి. సంతోషమే. కానీ వాటిలో కొన్ని ఏదో ఒక వెబ్‌సైటులో జిప్ ఫైలుగా మిగిలిపోతాయి తప్ప డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీల్లోకి, అంటే లినక్స్‌నూ దానిపై నడిచే ప్రోగ్రాములనూ కలిపి అందించే కూర్పుల్లోకి, చేరవు. అక్కడికి చేరిన ఫాంటును ఎవరైనా ఒక్క కమాండుతో పెట్టుకోవచ్చు, కొత్త వెర్షన్ వస్తే దానంతటదే అందుతుంది. పోతన2000, వేమన2000, లోహిత్ తెలుగు, తెలుగువిజయం పేరుతో గిడుగు, మండలి, రామభద్ర, సురవరం ఫాంట్లు డెబియన్‌లో ఇలాగే దొరుకుతున్నాయి. మిగతావి రాకపోవడానికి తెలుగు మీద చిన్నచూపు కారణం కాదు. ప్యాకేజీ కట్టేవాళ్లకు, అంటే ఫాంటును పంపిణీలో ఇన్‌స్టాల్ చేసుకునే రూపంలోకి తెచ్చేవాళ్లకు, కావలసినవి ఆ జిప్‌లో ఉండవు.

మొదటిది లైసెన్సు. అది లేకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులన్నీ రూపకర్త దగ్గరే ఉంటాయి. వెబ్‌సైటులో ‘ఉచితం’ అని రాసినంత మాత్రాన దాన్ని ఇంకొకరు పంచిపెట్టే వీలు లేదు. ‘వ్యాపారానికి వాడరాదు’ అన్న ఒక్క వాక్యం చేర్చినా ఆ ఫాంటు డెబియన్ ప్రధాన విభాగంలోకి రాదు. 1997 నాటి డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాల్లో ఆరోది, ఏ రంగంలో వాడుతున్నారన్న దాన్ని బట్టి తేడా చూపకూడదంటుంది. ఫాంట్లకు ఓఎఫ్‌ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) 1.1 సరిపోతుంది. దాని పూర్తి పాఠాన్ని, పైన కాపీరైట్ సంవత్సరం, హక్కుదారు పేరుతో సహా, జిప్‌లోనే పెట్టాలి. ఫాంటు పేరును ‘రిజర్వ్‌డ్’ అని ప్రకటించే ముందు మాత్రం ఆలోచించుకోండి. అలా ప్రకటిస్తే, ఒక వత్తును సరిచేసినవాళ్లు కూడా ఆ ఫాంటును వేరే పేరుతోనే విడుదల చేయాలి.

ఇక్కడే రెండు పొరపాట్లు తరచుగా కనబడతాయి. తెలుగు ఫాంటులోకి ఇంగ్లీషు అక్షరాలను వేరే ఫాంటు నుంచి తెచ్చి కలపడం మామూలే, తప్పేమీ లేదు. కానీ వాటి హక్కుదారుల పేర్లు కూడా కాపీరైట్ ఫైలులో ఉండాలి. కొత్త ప్యాకేజీలను పరిశీలించే డెబియన్ బృందం ఇది లేకపోతే వెనక్కి పంపుతుంది. రెండోది ఫాంటు లోపలే ఉంటుంది. ఫాంటు వివరాలుండే ఓఎస్/2 పట్టికలో, ఫాంటును పత్రాల్లో పొదగడానికి అనుమతి ఉందో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌టైప్ అనే విలువ సున్నా కావాలి. లైసెన్సులో స్వేచ్ఛ ఇచ్చి, ఆ విలువతో ‘పీడీఎఫ్‌లో పొదగరాదు’ అని చెబితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్యాకేజీని తనిఖీ చేసే లింటియన్ దీన్ని పట్టేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది సోర్సు, అంటే రూపకర్త మార్పులు చేసే అసలు ఫైళ్లు. కంప్యూటరులో పెట్టుకునే టీటీఎఫ్ ఫైలు తయారైన సరుకు మాత్రమే. రూపకర్త నిజంగా పనిచేసేది ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంటు తయారీ ప్రోగ్రాము ఎస్‌ఎఫ్‌డీ ఫైలు మీదో, యూఎఫ్‌ఓ మీదో, గ్లిఫ్స్ ఫైలు మీదో. ‘స్త్రీ’లో తవత్తు, రవత్తు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయనుకుందాం. దాన్ని సరిచేయాలంటే అక్షరాల అమరిక నియమాలు మనిషి చదవగలిగే రూపంలో ఉండాలి. టీటీఎఫ్‌ను విప్పి చూస్తే నియమాలు కనబడతాయి కానీ రూపకర్త పెట్టుకున్న పేర్లు, వ్యాఖ్యలు, వత్తులు అతికే లంగరు బిందువులను ఏ లెక్కన అమర్చారన్నది దొరకవు. గ్లిఫ్స్ యాప్ మ్యాక్‌లోనే నడుస్తుంది కదా అని సంకోచించనక్కర్లేదు. ఫాంట్‌మేక్ అనే స్వేచ్ఛా పనిముట్టు ఆ ఫైళ్ల నుంచి లినక్స్‌లోనే ఫాంటు తయారుచేస్తుంది. తయారుచేసే కమాండును రీడ్‌మీలో ఒక వరుసగా రాసి ఉంచితే చాలు.

తర్వాత వెర్షన్ నంబరు. పాత జిప్ పేరుతోనే కొత్త ఫైళ్లు పెట్టేవాళ్లున్నారు. మార్పు జరిగిందని ప్యాకేజీ చూసేవాళ్లకు తెలిసే దారి ఉండదు. పైగా ఒకే పేరు, ఒకే వెర్షన్‌తో వేరే సరుకున్న మూల ఫైలును డెబియన్ భాండాగారం తీసుకోదు. ఫైలు పేరులో ఉన్న నంబరే ఫాంటు లోపల పేరు, వెర్షన్ ఉండే నేమ్ పట్టికలోనూ ఉండాలి. బీటా విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. ‘1.0బీటా1’ అని ప్యాకేజీ చేస్తే, డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ లెక్కలో అది 1.0 కన్నా కొత్తది! అసలు 1.0 వచ్చినా వాడుకరి కంప్యూటరు బీటా దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో టిల్డా పెట్టి ‘1.0~బీటా1’ అని రాస్తే వరుస సరిగ్గా ఉంటుంది. తప్పు జరిగాక వెర్షన్‌కు ముందు ఎపాక్ అనే నంబరు తగిలించి దిద్దవచ్చు గానీ, ఒకసారి తగిలించాక దాన్ని తీసేయలేం.

ఫైళ్ల పేర్లలో ఖాళీలు వద్దు. ఇన్‌స్టాల్ జాబితాలో ఒక పేరు రెండుగా చీలిపోతుంది.

ప్యాకేజీ కట్టడం నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు అడ్డంకి నియమాల కంటే పాత పాఠాలే. వెతికితే ముందు దొరికే వ్యాసాల్లో ఫాంటు ప్యాకేజీ పేరు ‘టీటీఎఫ్-’తో మొదలవ్వాలని, డీఫోమా అనే ఫాంట్ల నిర్వహణ వ్యవస్థలో నమోదు చేయాలని ఉంటుంది. డీఫోమా డెబియన్ నుంచి ఎప్పుడో పోయింది, పేర్లు ఇప్పుడు ‘ఫాంట్స్-’తో మొదలవుతాయి. పాత పాఠం చూసి, డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ కట్టే పనిముట్ల సమితి) స్థాయిని చెప్పే కంపాట్ ఫైలు పెట్టి, కొత్త పాఠం చూసి ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో డెబ్‌హెల్పర్-కంపాట్ 13 అని రాస్తే, స్థాయి రెండు చోట్ల ఉందంటూ బిల్డ్ ఆగిపోతుంది. మార్పుల చిట్టా అయిన చేంజ్‌లాగ్‌లో సంతకం వరుసలో ఈమెయిలుకూ తేదీకీ మధ్య సరిగ్గా రెండు ఖాళీలుండాలన్న సంగతి చాలా పాఠాలు చెప్పవు. అందుకే తెలుగులో పాఠం రాసేవాళ్లు ఏ డెబియన్ విడుదల, ఏ డెబ్‌హెల్పర్ స్థాయికి రాస్తున్నారో మొదటి వరుసలోనే చెప్పాలి. పాత న్యూ మెయింటైనర్స్ గైడ్‌ను పక్కనపెట్టి, దాని స్థానంలో వచ్చిన గైడ్ ఫర్ డెబియన్ మెయింటైనర్స్‌ను ఆధారంగా తీసుకోవాలి. సొంత కంప్యూటరులో బిల్డ్ అయిందని ఆగకుండా ఎస్‌బిల్డ్ అనే పనిముట్టుతో శుభ్రమైన వాతావరణంలో మళ్లీ కట్టి చూడమనీ చెప్పాలి. కంట్రోల్ ఫైలులో రాయడం మరిచిపోయిన అవసరాలు (ప్యాకేజీ కట్టడానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) అక్కడే బయటపడతాయి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఫాంటు విడుదల వార్త రాసేటప్పుడు విలేకరులు రూపకర్తను మూడు ప్రశ్నలు అడగాలి: లైసెన్సు ఏమిటి, వెర్షన్ ఎంత, సోర్సు ఎక్కడ దొరుకుతుంది? ఆ జవాబులను వార్తలో ఒక వాక్యంగా అచ్చువేయండి.

ఇట్లు,
ఫాంటు ప్యాకేజీల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ