గేదెకు ఉన్న గుర్తింపు కుక్కకు ఎందుకు లేదు?

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మా అజిత్‌సింగ్‌నగర్ వీధిలోకి వచ్చింది. కింది వాటా మునిగింది. మూడో రోజు వచ్చిన పడవలో మనుషులకే చోటు చాలలేదు. మా కుక్క స్నోయీని మేడ మీది మెట్ల గదిలో ఉంచి, గిన్నెడు నీళ్లు, నాలుగు బిస్కెట్ పొట్లాలు పెట్టి, తలుపు ఓరగా వేసి దిగిపోయాం. నీరు తీశాక వెళ్లి చూస్తే గిన్నె బోర్లా పడి ఉంది. కుక్క లేదు.

ఇరవై రోజుల తర్వాత పాయకాపురంలో ఒకరి ఇంట్లో అచ్చం అలాంటి కుక్కను చూశానని మాకు పాలు పోసే అబ్బాయి చెప్పాడు. వెళ్లాం. తెల్ల పామరేనియన్, అదే ఎత్తు, మెడలో పట్టీ లేదు. నేను పిలిస్తే తోక ఊపుతూ వచ్చింది. ఆ ఇంటి పాప పిలిచినా అంతే సంబరంగా వెళ్లింది. వాళ్ల కుక్క కూడా అదే వరదలో తప్పిపోయి వారానికి తిరిగి వచ్చిందట. మేము ఫోనులో ఫొటోలు చూపించాం, వాళ్లూ చూపించారు. తెల్ల పామరేనియన్ ఫొటోలు పది పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో కన్నవాళ్లకే తెలియదు! పాప ఏడుపు చూడలేక వట్టి చేతులతో వచ్చేశాం. అది మాదో వాళ్లదో నాకు ఈ రోజుకూ తెలియదు. వాళ్లు అబద్ధం చెప్పారని మాత్రం నేను అనుకోవడం లేదు. మా కుక్కకు గానీ వాళ్ల కుక్కకు గానీ, ఏ ఒక్కదానికి చర్మం కింద గుర్తింపు చిప్ ఉన్నా ఆ తగవు అర నిమిషంలో తేలిపోయేది.

పెంపుడు కుక్కలకు వేసే మైక్రోచిప్ గురించి మన నగరంలో మాట్లాడుకునేవారు తక్కువ. తెలిసినవారిలోనూ సగం మంది దాన్ని దారి చూపే యంత్రం అనుకుంటారు. ‘చిప్ వేయిస్తే కుక్క ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుందా?’ అని మా వీధిలోనే నలుగురు అడిగారు. కనిపించదు. అది బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవుండే గాజు గొట్టం. టీకా సూది కంటే కొంచెం లావు సూదితో మెడ వెనుక, భుజాల మధ్య చర్మం కిందకు ఎక్కిస్తారు. మత్తు అక్కర్లేదు. అందులో బ్యాటరీ లేదు కాబట్టి అయిపోయేదీ మార్చేదీ లేదు. స్కానరును దగ్గరగా పెట్టినప్పుడు దాని రేడియో తరంగాలతోనే మేలుకొని 15 అంకెల సంఖ్య ఒకటి చెబుతుంది. పట్టీ తెగిపోతుంది, బిళ్ల ఊడిపోతుంది, ఎత్తుకెళ్లినవాడు మొదట తీసి పారేసేవి ఆ రెండే. ఈ సంఖ్యను తీసి పారేయడం అంత సులువు కాదు.

అయితే చిప్‌లో యజమాని పేరూ ఉండదు, ఫోను నంబరూ ఉండదు. ఆ సంఖ్యకు ఎదురుగా ఎవరి వివరాలు రాసి ఉన్నాయో చెప్పే రిజిస్టరు వేరే ఉండాలి. అసలు చిక్కు అక్కడే. మా బావమరిది హైదరాబాదులో తన కుక్కకు చిప్ వేయించాడు. గుంటూరుకు మకాం మార్చాడు, ఫోను నంబరు మార్చాడు, రిజిస్టరులో మాత్రం మార్చలేదు. ఇక ఆ చిప్ పాత అద్దె ఇంటి చిరునామాతో వచ్చిన పెళ్లి శుభలేఖ లాంటిదే. ఇంగ్లాండులో 2016 ఏప్రిల్ 6 నుంచి ఎనిమిది వారాలు దాటిన ప్రతి కుక్కకూ చిప్ తప్పనిసరి చేసినప్పుడు, వివరాలు ఎప్పటికప్పుడు సరిచూసుకోవడాన్ని కూడా యజమాని బాధ్యతే చేశారు. తప్పితే 500 పౌండ్ల దాకా జరిమానా.

మన దగ్గర పాడి పశువుల చెవికి 12 అంకెల పసుపు బిళ్ల వేస్తున్నారు. గేదె ఎవరిదో, దానికి ఏ టీకా వేశారో ఆ సంఖ్యతో తెలుస్తుంది. ఇంట్లో మన మంచం కిందే పడుకునే కుక్కకు ఆ పాటి గుర్తింపు లేకపోవడం నాకు వింతగా ఉంది.

ఇది కుక్కల ప్రేమికుల ముచ్చట మాత్రమే అనుకునేవారికి ఒక మాట. కుక్క కరిస్తే వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి టీకా మొదలుపెట్టాలి, అందులో మరో మాట లేదు. ఆ తర్వాత వైద్యులు అడిగే మొదటి ప్రశ్న, ‘ఆ కుక్క ఎవరిది, దానికి రేబిస్ టీకా వేయించారా?’ అనే. పది రోజులు ఆ కుక్కను గమనించమంటారు. కరిచిన కుక్కకు వీధిలో ఎవరూ యజమాని కారు, నిన్నటిదాకా దానికి బిస్కెట్లు పెట్టినవారు కూడా! చిప్ ఉంటే అలా తప్పించుకోవడం కష్టం.

ముసలిదైందనో, జబ్బు చేసిందనో కుక్కను బండిలో తీసుకెళ్లి ఊరి బయట వదిలి వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ డబ్బుకు బీసెంట్ రోడ్డులో మంచి గొలుసు కూడా రాదు. పట్టుకునే దారి లేనప్పుడు ఆ యాభై కూడా ఎవరు కట్టించుకుంటారు?

నగరపాలక సంస్థను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కుక్కలను పట్టే ప్రతి బండిలో ఒక స్కానరు ఉండాలి. పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సకు పంపేముందు అది పెంపుడుదో కాదో చూడాలి. విజయవాడ, గుంటూరు రెండింటికీ కలిపి ఒకే రిజిస్టరు పెట్టాలి. జిల్లాకొకటి, కంపెనీకొకటి అయితే తప్పిపోయిన కుక్క కంటే ముందు మనమే తప్పిపోతాం. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు, జనం గొలుసులు పట్టుకుని వరుసలో నిలబడతారు. ఆ రోజే పక్క బల్ల మీద చిప్ కూడా వేస్తే ఇంకో శిబిరం అక్కర్లేదు. ధర భరించలేని ఇళ్లకు ఉచితంగా వేయాలి. వరద వచ్చేది ముందుగా ఆ ఇళ్లకే.

మా ఇంట్లో ఇప్పుడు మరో కుక్క ఉంది, నల్లది. దానికి చిప్ వేయించి, ఆ సంఖ్య అంటించిన పుస్తకాన్ని ఇంటి దస్తావేజులతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీద ఉంచాను. వచ్చే వానాకాలం లోపు ఆ సంఖ్యను చదివే స్కానర్లు మన డివిజన్లకు వస్తాయో రావో అధికారులు చెబితే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ