మోసెల్ సీసాల ధర ఎందుకు పెరిగిందంటే

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మా చిన్న వైన్ దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. జర్మనీలోని మోసెల్ నది ఏటవాలు తోటల రీస్లింగ్ (తెల్ల ద్రాక్ష రకం, దాని వైన్) ధర ఈ నెల నుంచి సీసాకు రెండు యూరోలు పెరుగుతోంది. మోసెల్‌లో కలిసే సార్ నది లోయలో 2024లో కోసిన ద్రాక్ష వైన్ దాదాపు లేనట్టే. రెండింటికీ కారణం ఆ కొండలూ లోయలే.

"సూపర్‌మార్కెట్‌లో రీస్లింగ్ ఇందులో సగం ధరకే వస్తోంది కదా" అని మీలో చాలామంది అడుగుతున్నారు. వస్తుంది. చదును భూమిలో యంత్రంతో కోసిన ద్రాక్ష అది. రోజూ భోజనంలోకి అది చాలు కూడా. కానీ బ్రెమ్ ఊరి దగ్గర కాల్‌మోంట్ కొండను కింద నుంచి ఒక్కసారి చూస్తే మీరు బేరమాడరు. వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. ట్రాక్టర్ సంగతి దేవుడెరుగు, మనిషి నిలబడడమే కష్టం. అందుకే పాత తోటల్లో పొడవాటి తీగల వరుసలుండవు. ఒక్కో మొక్కకు ఒక్కో గుంజ పాతి కడతారు, పనివాళ్లు ఎటు వీలైతే అటు మళ్లుకుంటూ పోతారు. కత్తిరింపు, కట్టడం, కోత అన్నీ చేత్తోనే. కూలీలు దొరక్క కొన్ని మడులు బీడుపడ్డాయి.

మరి ఇన్ని అగచాట్లు పడి అక్కడే ఎందుకు పండిస్తారు? మోసెల్ 50వ అక్షాంశం దగ్గర ఉంది. ఎండ ఏటవాలుగా, పలచగా పడుతుంది. దక్షిణానికి తిరిగిన నిటారు వాలు మీద మాత్రం అదే ఎండ సూటిగా తగులుతుంది. నేలంతా పలకరాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవారికి చెప్పనక్కర్లేదు, అలాంటి రాయే. పొరలు పొరలుగా చిట్లిన ముక్కల మధ్య మట్టిని వెతుక్కోవాలి. ఆ ముదురురంగు రాయి పగలంతా కాగి, చీకటి పడ్డాక వేడిని నెమ్మదిగా వదులుతుంది. నీరు నిలవదు, వేళ్లు బీటల వెంట లోతుకు దిగుతాయి. వానకు కొట్టుకుపోయిన రాతినీ మట్టినీ పూర్వం రైతులు మళ్లీ వీపున మోసుకుంటూ పైకి చేర్చేవారు. ఈ వాలుల విలువ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మోసెల్ ఒడ్డున ఉన్న పీస్‌పోర్ట్ ఊళ్లో 4వ శతాబ్దపు రోమన్ ద్రాక్షగానుగ బయటపడింది. 1787లో ట్రియర్ పాలకుడు, ఆర్చ్‌బిషప్ క్లెమెన్స్ వెంట్సెస్లౌస్, నాసిరకం తీగలు పీకేసి మేలురకాలు నాటమని ఆదేశించాడు.

ఒక మాట మాత్రం మా అరల మీది చీటీల్లో కనిపించదు: "రాతి రుచి". అమ్ముకోవడానికి బాగుంటుంది, నిజమే. కానీ వేళ్లు పలకరాయిని పీల్చి సీసాలో పోయవు. రాయి చేసేది వేడినీ నీటినీ సర్దడం. మోసెల్ ఊళ్లయిన ఉర్ట్సిగ్ ఎర్రరాతి తోట వైన్, వేలెన్ బూడిదరంగు పలకరాతి తోట వైన్ పక్కపక్కన పోసి తాగితే తేడా తెలుస్తుంది. ఆ తేడాలో రాతికి ఎంత, వాలు తిరిగిన దిక్కుకు ఎంత, రైతు చేతికి ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇక సార్ లోయ సంగతి. 2024 ఏప్రిల్ చివర్లో, చిగుళ్లు విచ్చుకున్నాక, మంచు కాటు వేసింది. చల్లగాలి బరువైనది, వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. మోసెల్ పెద్ద నది కాబట్టి చలి కొంత తగ్గి, దాని ఒడ్డున నిటారు వాలులు చాలావరకు తట్టుకున్నాయి. పక్క లోయలైన సార్, రూవర్ మాత్రం దారుణంగా దెబ్బతిన్నాయి. మేం సరుకు తెచ్చుకునే రైతు దగ్గర ఉన్న కాస్తలోనే మాకూ వాటా ఇచ్చారు.

కాబట్టి సార్ 2024 మనిషికి రెండు సీసాలే, పాత ధరకే. కోడివేపుడు, గోంగూర మాంసం లాంటి కారాలకు కొంచెం తీపి ఉన్న మోసెల్ 'కాబినెట్' (తేలికపాటి రకం) తీసుకోండి, పూర్తిగా తీపి లేనిది ఆ కారానికి ఇంకా మంట పుట్టిస్తుంది. దీపావళికి పెట్టెలు కావాలంటే ఇప్పుడే చెప్పండి, రెండో విడత వస్తుందన్న నమ్మకం లేదు.