అమ్మా, నీ పాఠం నీకే

టొరంటో,
అక్టోబరు 13

అమ్మా,

గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, నువ్వు లేచి కిటికీ గడియలు చూసుకుంటున్నావని, గుండె దడ అంటూ మంచం మీద కూలబడుతున్నావని నాన్న ఫోన్లో చెప్పారు. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయట కదా. "అంతా నీ మనసులోనే ఉంది" అని పిన్ని అందని వినగానే ఒళ్లు మండింది. మనసులోనే ఉంటే చేతులెందుకు వణుకుతాయి?

2014 అక్టోబరు 12 నాకూ గుర్తే. హుద్‌హుద్ తుఫాను పట్టపగలు మన విశాఖ మీద పడితే మనిద్దరం దేవుడిగది తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాం. పెరట్లో జామచెట్టు కూలిన చప్పుడు కూడా ఆ హోరులో వినపడలేదు. నీ ఒళ్లు ఆ రోజుని ఇంకా మరచిపోలేదు. గాలి చప్పుడు చెవిన పడగానే, నువ్వు ఆలోచించేలోపే, ప్రమాదం వస్తే ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ లేచి కూర్చుంటుంది. మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. ఒళ్లు పరుగుకి సిద్ధమైపోతుంది, పరిగెత్తే పనేమో ఉండదు. ఆ ఊపే దడ, చెమట, కడుపులో తిప్పు.

నీకు పాఠం చెప్పేటంతవాణ్ణి కాదు. వరండాలో ఇంటర్ పిల్లలకి నువ్వు చెప్పిన జువాలజీయే ఇది. మెదడు అడుగున బయల్దేరి గుండె, ఊపిరితిత్తులు, పేగులదాకా తిరిగే పదో కపాలనాడి వేగస్‌ని "దేశదిమ్మరి నాడి" అనేదానివి. 1921లో ఓటో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో చేసిన ప్రయోగం కూడా నీ నోటే విన్నాను. వేగస్‌ని ప్రేరేపిస్తే ఒక గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకి తగిలిస్తే అదీ నెమ్మదించింది, నాడి వదిలిన రసాయనం ఆ ద్రవంలో ఉంది మరి.

నీకు చెప్పని సంగతొకటి. పోయిన జనవరిలో సబ్‌వే రైలు సొరంగంలో ఆగిపోతే నాకూ ఇలాగే అయింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆస్పత్రిలో అన్నీ చూసి ఏమీ లేదన్నారు. ఒక నర్సమ్మ పక్కన కూర్చుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమంది. వదిలేటప్పుడు వేగస్ కళ్లెం లాగుతుంది, గుండె కాస్త నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే నాకు తెలుస్తుంది కూడా. వయసు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది కాబట్టి నీకు తెలియకపోతే దానికో టెన్షన్ పెట్టుకోకు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. నాకైతే కొన్ని రోజులు అసలు పనిచెయ్యదు.

ఛాతీ బిగుసుకుపోయి, నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం ఊపిరి లెక్కలు వదిలేసి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

వాతావరణం బాగున్న సాయంత్రం నాన్నతో ఆర్కే బీచ్‌కి వెళ్లు. ఆ గాలిలోనే పది నిమిషాలు కూర్చో, మురీ మిక్చర్ తిను, కారం తక్కువ వెయ్యమను. ఇక కిటికీ గడియలు పడుకునే ముందు నాన్న ఒక్కసారి చూస్తారు. రెండోసారి నువ్వు లేవకు.

నీ చిన్నోడు