బావకి, ఆటోనగర్ నుంచి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకుంటూ ఉంటావు, ఏమీ అనుకోకు. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. చెల్లి ఎంవీపీ కాలనీలో ఉద్యోగంలో చేరింది. ఇడ్లీ పందెం బాకీ గుర్తుంది, తీరుస్తా. ఇక అసలు సంగతి.

నాన్న మన లేతు షాపుకి ఆర్డర్లిచ్చే ఆ పెద్ద కంపెనీ పార్టీకి ఫోన్ చేసి రేటు పెంచమని అడిగాడురా! ఆ పార్టీ నుంచి ఫోన్ వస్తే భోజనం మధ్యలో లేచే మీ మావయ్యే! పేరు రాయను, "తెల్ల చొక్కా" అంటే నీకు తెలుస్తుంది.

మొదటి నుంచి చెప్తాను. ఒక పెద్ద యూనిట్‌లో ప్రొడక్షన్ చూసి రిటైరైన ఒకాయన గాజువాక వైపు చిన్న కంపెనీలకి బిజినెస్ కోచింగ్ ఇస్తున్నారు. బాబాయ్ పట్టుబట్టి తీసుకొచ్చాడు. "ఇన్నేళ్ళు లేతు తిప్పినవాణ్ణి, నాకు కోచింగేంటి, ఎంసెట్ రాయాలా?" అని నాన్న గొణిగాడు. నాకూ ఆయన వచ్చి లెక్చర్ ఇస్తారనే అనిపించింది. ఆయన మాత్రం నోరు విప్పకుండా ఒక నోట్‌బుక్కు పట్టుకుని కంప్యూటర్‌తో నడిచే ఆ సీఎన్‌సీ మెషిన్ పక్కన నిలబడ్డారు. మన కుర్రాడు కొలత చూసే గేజ్ కోసం రెండు షెడ్లూ తిరిగొచ్చేదాకా మెషిన్ ఖాళీ. డ్రాయింగ్ కనపడదు, మళ్ళీ ఖాళీ. అదంతా టైముతో సహా రాసుకున్నారు.

తర్వాత నాన్నని కూర్చోబెట్టి, పెన్ను ఆయన చేతికే ఇచ్చారు. తెల్ల చొక్కా వాళ్ళకి మనం చేసే బుష్, అదే ఆ గొట్టం లాంటి ఇనుప భాగం, ఉంది కదా, ఒకటి 900 రూపాయలు. మెటీరియల్ 540. నాన్న లెక్కలో మెషిన్ టైము 28 నిమిషాలు, గంటకి 450 చొప్పున 210. అరిగిపోయే కోత బిళ్ళలకి, అదే ఇన్సర్ట్‌లకి 35. అంటే పీసుకి 115 మిగులుతుందనే ధీమా. "సెట్టింగు, వెతుకులాట కలిపితే ఎంతండీ?" అన్నారాయన. నోట్‌బుక్కు చూస్తే 40 నిమిషాలు. 210 కాస్తా 300 అయింది, మిగిలింది 25. "డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది?" నాలుగు నెలలకి. మనం బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) మీద కడుతున్న 12 శాతం వడ్డీ వేస్తే 36. అంటే పీసుకి 11 రూపాయలు మన జేబులోంచే పోతున్నాయి! మన షాపులో అన్నిటికన్నా పెద్ద ఆర్డర్ అది. నాన్న ఆ 11 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీస్తూనే ఉన్నాడు, కాగితం చిరిగిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పక్క షెడ్డువాడు 850కే చేస్తానంటున్నాడని నాన్న భయం. "చేయనివ్వండి. ఆయన లెక్క వేసుకున్నాడో లేదో మనకెందుకు? మీ లెక్క మీకు తెలిస్తే చాలు" అన్నారాయన. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పెద్ద పార్టీ పోతే బ్యాంకువాళ్ళేమంటారు, కుర్రాళ్ళకి జీతాలెలా అని...

ఇంకో విషయం చెప్పారు, ఇది మీ తమ్ముడి షాపుకీ పనికొస్తుంది, చెప్పు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మనలాంటి చిన్న యూనిట్‌కి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. లేకపోతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ. అది నాన్నకీ తెలుసు, కానీ పెద్దవాళ్ళ మీద కేసు ఎవడు పెడతాడు? పట్టు దొరికేది ఇన్‌కమ్ ట్యాక్స్‌లో. 2024 ఏప్రిల్ నుంచి 43బి(హెచ్) అనే సెక్షన్ వచ్చింది కదా, గడువు దాటితే ఆ ఖర్చుని వాళ్ళు పన్ను లెక్కలో డబ్బు కట్టిన సంవత్సరంలోనే చూపించుకోవాలి. అందుకని బిల్లు మీద ఉద్యం నంబరు, అదే మన చిన్న యూనిట్ రిజిస్ట్రేషన్ నంబరు, కనపడేలా వేయమన్నారు. బెదిరించొద్దు, వాళ్ళ ఆడిటరే చూసుకుంటాడు అన్నారు.

ఇక ఫోన్ సంగతి. నాన్న షట్టర్ సగం దించి, చేతిలో ఆ చిరిగిన కాగితం పట్టుకుని చేశాడు. "సార్, 960 కావాలి, 45 రోజుల్లో పేమెంట్ కావాలి. కుదరకపోతే ఈ ఒక్క ఐటెమ్ వేరేవాళ్ళకి ఇచ్చుకోండి." గొంతు వణకలేదురా! అటువైపు కాసేపు మాట లేదు. చూస్తామని పెట్టేశారు. రెండో రోజు కబురొచ్చింది: 930, 45 రోజులు. వడ్డీ 14కి దిగింది, పీసుకి 41 మిగులుతుంది. క్వాంటిటీ కొంచెం తగ్గించారు, పోనీలే, ఆ టైము మనకే. గేజ్‌లన్నీ ఇప్పుడు మెషిన్ పక్కనే బోర్డు మీద, ఒక్కోదాని ఆకారం గీసి మరీ పెట్టాం.

ఆ ఖాళీ టైములో ఏం చేయాలన్నదే ఇప్పుడు ఇంట్లో చర్చ. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం మైక్రో, స్మాల్ యూనిట్ల నుంచి తీసుకోవాలి, టెండరుకి ధరావత్తు కూడా కట్టక్కర్లేదు. మన ఊళ్ళోనే స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్, బీహెచ్‌ఈఎల్ ఉన్నాయి! ఇన్నేళ్ళూ వాటి గేటు ముందు నుంచి వెళ్తూ నాన్న ఒక్క టెండరూ వేయలేదు. ఇప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైట్ జెమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేస్తున్నాం. మొదటి కొటేషన్‌కి సెట్టింగ్ టైమ్ నాన్నే స్వయంగా

ఇదిగో, పిలుస్తున్నాడు. రేపు పొద్దున్నే వెళ్ళే లోడుకి బిల్లు కొట్టాలట. మీ తమ్ముడి చేత ఆ లెక్క వేయించు, మర్చిపోకు.

నీ
బావ