ఆదివారం చెన్నైలో పడవ చూద్దాం, పేర్లు చెప్పండి

అందరికీ నమస్తే. మనమంతా కలిసి కొందామనుకున్న సెకండ్‌హ్యాండ్ జే 24 తెరచాప పడవ ఇంకా ఉంది. 24 అడుగులు, రేసుకూ పనికొస్తుంది, లోపల నలుగురు పడుకోవచ్చు.

పోయిన వారం నేను చూసొచ్చినాను. డెక్ పొడవునా నాణెంతో తట్టి చూశా, అంతటా టక్‌టక్‌మని గట్టి శబ్దమే. డెక్ లోపల ఉండే బాల్సా అనే తేలికపాటి చెక్క నీళ్లకు నాని ఉంటే మొద్దుగా మోగేది. తెరచాప బట్ట ఇంకా కొత్తదానిలా గరగరలాడుతోంది. ఎంత ప్రేమగా చూసుకున్నారో! కీల్‌ను, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్కను, పట్టి ఉంచే బోల్టుల దగ్గర మాత్రం కాస్త తుప్పుంది.

శనివారం రాత్రి 10కి కడప ఏడు రోడ్ల దగ్గర బండి ఎక్కుదాం. వచ్చేవాళ్లు గురువారంలోగా ఇక్కడే చెప్పండి. ఆధార్ తప్పనిసరి. నల్ల సోలు బూట్లు వద్దు, డెక్ మీద మరకలు పడతాయి.

బోల్టులు మెకానిక్‌కు చూపించేదాకా ఎవరూ అడ్వాన్స్ పంపొద్దు అన్నా, ప్లీజ్.