కత్తి పట్టుకుని చూడనివ్వరా?

అయ్యా,

ఉక్కు కర్మాగారం ల్యాబ్‌లో 30 ఏళ్లు లోహాల గట్టిదనం కొలిచి రిటైరయ్యాను. అలాంటి నేను ఒక వంట కత్తి కొనడంలో బోల్తా పడ్డాను.

మా మేనల్లుడికి బీచ్ రోడ్డులో ఓ హోటల్ కిచెన్‌లో ఉద్యోగం వచ్చింది. మంచి షెఫ్ నైఫ్ ఇద్దామని ఓ పెద్ద షాపుకెళ్లాను. (శనివారం ఇనుము కొనకూడదని మా ఆవిడ ఆపితే ఆదివారం వెళ్లాను.) అన్నీ సీలు వేసిన డబ్బాల్లోనే ఉన్నాయి.

"ఏ స్టీలు బాబూ?"

"స్టెయిన్‌లెస్ సార్."

"హార్డ్‌నెస్ ఎంత?"

"చాలా హార్డ్ సార్."

తెరిచి చూపించడం కుదరదన్నాడు. చెక్క స్టాండుతో ఆరు చాకుల సెట్టు ముచ్చటగా ఉందని తెచ్చేశాను.

మావాడు అందులో పెద్దది తీశాడు. పిడి కాదు, పిడికి ముందున్న బ్లేడునే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టాడు. వంటవాళ్లు అలాగే పడతారట. ఉల్లిపాయ కోస్తుంటే కత్తి కిందికి దిగిన ప్రతిసారీ వేళ్ల కణుపులు చెక్కకు టకటకా తగులుతున్నాయి. బ్లేడుకు వెడల్పు లేదు. "మావయ్యా, ఇది ఇంట్లో ఉంచుకోండి" అన్నాడు మర్యాదగా.

ఈసారి వాణ్నే వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర ఓ పాత్రల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నాలుగు కత్తులు తువ్వాలు మీద పరిచి పట్టుకుని చూడమన్నాడు. 8 అంగుళాలది, బ్లేడు ఉక్కే పిడి లోపల చివరిదాకా ఉన్నది తీసుకున్నాం. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద దీని హార్డ్‌నెస్ 56-58; అంకె పెరిగితే గట్టిదనం పెరిగినట్టు. జపాన్ రకాలు చాలావరకు 60 దాటతాయి, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ వంజరం తలకాయ మీద వేస్తే అంచు పెచ్చులూడుతుంది. కార్బన్ స్టీలుకు పదును బాగా వస్తుంది గానీ, మన సముద్రపు గాలికి, చింతపండు పులుపుకి, తడి తుడవడం మరిచారంటే తుప్పు మచ్చలే.

దాంతోపాటు 1000 గ్రిట్ (గరుకుతనం కొలత) సానరాయి కొన్నాను. సైకిల్ మీద వచ్చే సానవాళ్లది పొడి చక్రం. నిప్పురవ్వలు ఎగిరి అంచు వేడికి నీలంగా మారిందంటే ఆ ఉక్కు టెంపర్, అంటే దాని గట్టిదనం, పోయినట్టే. లోహం పని చేసినవాణ్ని, చూస్తూ ఊరుకోలేను.

కత్తి చేతికివ్వకూడదని మా ఆవిడ అంటే, బల్ల మీద పెట్టి తీసుకోమన్నాను.

షాపులవాళ్లకు మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. ప్రతి రకంలో ఒక కత్తి బయట పెట్టండి. చెప్పులు తొడిగి చూడకుండా కొంటామా? తయారీదారులు కూడా డబ్బా మీద 'ప్రీమియం' అని కాకుండా స్టీలు గ్రేడు, హార్డ్‌నెస్ వేస్తే బాగుంటుంది.

ఆ ఆరు చాకుల సెట్టు మా అటక మీద ఉంది. వాపసు ఇద్దామని వెళ్తే, డబ్బా తెరిచేశారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు.

- ఒక రిటైర్డ్ ఉద్యోగి, కూర్మన్నపాలెం, విశాఖపట్నం